రెండో సవరణ ఉంటే తుపాకీల నియంత్రణ కుదరనే కుదరదా? కోర్టులు అసలు ఏం చెప్పాయి?

గోదావరి_గట్టు (ప్రశ్న):

అమెరికాలో కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ మన టీవీ చర్చల్లో ఒకే మాట: "రాజ్యాంగం రెండో సవరణ ఉంది, అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు." కానీ న్యూయార్క్‌లో లైసెన్సు లేకుండా పిస్తోలు జేబులో పెట్టుకుంటే జైలంటారు. టెక్సస్‌లో అసలు లైసెన్సే అక్కర్లేదంటారు. రాజ్యాంగం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది?

సవరణలోనే "మిలీషియా" (పౌరులతో కూడిన సైన్యం) అనే మాట ఉంది కదా, మరి అది వ్యక్తిగత హక్కు ఎలా అయింది? 2022 నుంచి "చరిత్ర పరీక్ష" అంటున్నారు, అది కోర్టులో ఎలా నడుస్తుంది? ఇంకొకటి ఇక్కడ చాలామందికి పనికొచ్చే ప్రశ్న. సవరణ "ప్రజల హక్కు" అంటుంది. ఆ ప్రజల్లో హెచ్-1బీ, ఎఫ్-1, గ్రీన్‌కార్డు వాళ్ళు ఉన్నారా? స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్ళడం కూడా తప్పేనా?

తీర్పుల పేర్లు, సంవత్సరాలతో చెప్పగలిగిన వాళ్ళు చెప్పండి. ఎవరి అనుభవాలూ వద్దు, చట్టం కావాలి.

—

చట్టం_చదువు:

మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను. సవరణ మొత్తం ఒకే వాక్యం, 1791 డిసెంబరు 15న అమల్లోకి వచ్చింది. భావం ఇది: స్వేచ్ఛగల రాజ్యపు భద్రతకు క్రమశిక్షణగల మిలీషియా అవసరం గనుక, ఆయుధాలు ఉంచుకొనే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు. రెండు వందల ఏళ్ళ తగవంతా ఆ "గనుక" దగ్గరే ఉంది. మిలీషియా కోసమే హక్కు అని ఒక పక్షం. మిలీషియా ఒక కారణం మాత్రమే, హక్కు ప్రజలది అని రెండో పక్షం.

అప్పటి మిలీషియా అంటే ఏమిటో తెలిస్తే ఈ తగవు అర్థమవుతుంది. 1792 మిలీషియా చట్టం ప్రకారం 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న, ఒంట్లో సత్తువ ఉన్న, స్వేచ్ఛాపరుడైన ప్రతి శ్వేతజాతి పౌరుడూ పేరు నమోదు చేయించుకోవాలి. తుపాకీ ప్రభుత్వం ఇవ్వదు, తనే కొనుక్కోవాలి. మస్కెట్, బాయొనెట్, రెండు అదనపు చెకుముకి రాళ్ళు, 24 తూటాలు పట్టే సంచి, అన్నీ సొంత ఖర్చే. ఇంట్లో సొంత తుపాకీ, ఊరి మిలీషియా అప్పట్లో వేర్వేరు సంగతులు కావు. తర్వాత మిలీషియా పోయి నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైన్యం వచ్చింది. ఆయుధం ప్రభుత్వ గోదాములోకి వెళ్ళింది. సవరణలోని రెండు ముక్కలూ అక్కడ విడిపోయాయి.

1939 మిల్లర్ కేసులో ఇద్దరు మనుషులు గొట్టం కోసేసిన షాట్‌గన్‌ను ఓక్లహామా నుంచి ఆర్కన్సాకు తీసుకెళ్ళారు. 1934 చట్టం ప్రకారం 18 అంగుళాల కన్నా పొట్టి గొట్టం ఉన్న షాట్‌గన్‌ను రిజిస్టర్ చేయించాలి, అప్పట్లో 200 డాలర్ల పన్ను కూడా కట్టాల్సి ఉండేది. ఆ తుపాకీకీ మిలీషియా సామర్థ్యానికీ సంబంధం ఉందని ఎవరూ చూపించలేదు కాబట్టి చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మిల్లర్ తరఫున సుప్రీంకోర్టులో వాదించేవాళ్ళే లేరు. ఒక పక్షం వాదనే వినని ఆ తీర్పును కింది కోర్టులు దాదాపు 70 ఏళ్ళు "ఇది మిలీషియా హక్కు" అని చదువుతూ వచ్చాయి.

2008 జూన్ 26న సుప్రీంకోర్టు హెల్లర్ తీర్పు వచ్చింది, 5-4 (ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపు). వాషింగ్టన్ డీసీలో 1976 నాటి చట్టం ఇంట్లో హ్యాండ్‌గన్ ఉంచుకోవడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. రైఫిలు ఉన్నా తూటాలు తీసి, విడగొట్టి లేదా ట్రిగ్గర్‌కు తాళం వేసి ఉంచాలి. జస్టిస్ స్కాలియా ఇది వ్యక్తిగత హక్కని, దాని మూలం ఆత్మరక్షణ అని రాశారు. జస్టిస్ స్టీవెన్స్ అసమ్మతి మిలీషియా వైపు నిలిచింది. 2010లో మెక్‌డొనాల్డ్ కేసు, రాష్ట్రాల అధికారానికి హద్దులు పెట్టే 14వ సవరణ ద్వారా ఆ హక్కును రాష్ట్రాలకూ నగరాలకూ వర్తింపజేసింది. అదీ 5-4, షికాగో నిషేధం మీద.

మన చర్చల్లో ఎప్పుడూ వదిలేసే భాగం ఇప్పుడు చెబుతాను. అదే హెల్లర్ తీర్పులో స్కాలియా ఈ హక్కు హద్దులేనిది కాదన్నారు. నేరస్థుల మీద, తీవ్రమైన మానసిక సమస్య ఉన్నవాళ్ళ మీద ఉన్న నిషేధం, బడులు, ప్రభుత్వ భవనాల్లో తుపాకీ తేరాదన్న నియమం, అమ్మకాల మీద షరతులు, ఇవన్నీ చెల్లుతాయనే అనుకోవాలన్నారు. "ఏమీ చేయలేరు" అన్న మాట హెల్లర్‌లో ఎక్కడా లేదు.

—

మైలురాయి:

పైన చెప్పింది సరిగ్గా ఉంది. ఇప్పటి పోరంతా 2022 జూన్ 23 బ్రూయెన్ తీర్పు చుట్టూ నడుస్తోంది, కాబట్టి ఆ యంత్రం ఎలా తిరుగుతుందో చెబుతాను.

బ్రూయెన్‌కు ముందు అప్పీలు కోర్టులు రెండంచెల్లో చూసేవి. చట్టం ఈ హక్కును తాకుతోందా? తాకితే, ప్రభుత్వ ప్రయోజనం ఎంత పెద్దది, చట్టం దానికి ఎంత సరిపోతోంది? రెండో అంచెలో దాదాపు ఎప్పుడూ ప్రభుత్వమే గెలిచేది. బ్రూయెన్ ఆ తూకాన్ని కొట్టేసింది. ఇప్పుడు వరస ఇది: మనిషి చేయదలచిన పని సవరణ మాటల కిందికి వస్తే, రాజ్యాంగం దాన్ని కాపాడుతోందనే కోర్టు అనుకుంటుంది. ఆ తర్వాత భారం ప్రభుత్వానిది. తన నియమం ఈ దేశపు ఆయుధ నియంత్రణ సంప్రదాయంలో ఇముడుతుందని పాత చట్టాలు తెచ్చి చూపాలి. ఆ చట్టాలను రెండు కొలతలతో పోల్చాలి: హక్కు మీద ఎంత భారం వేశాయి, ఎందుకు వేశాయి. ఎంతమంది చనిపోతున్నారు, చట్టం వల్ల ఎంతమంది బతుకుతారు అన్న లెక్కకు ఆ తూకంలో చోటు లేదు.

ఆ కేసులో పడిపోయింది న్యూయార్క్ వాళ్ళ "సరైన కారణం" షరతు. బయటకు తుపాకీ తీసుకెళ్ళాలంటే మామూలు జనానికి లేని ప్రత్యేక అవసరం చూపాలి, ఇవ్వాలో వద్దో అధికారి ఇష్టం. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయి, డీసీలోనూ ఇలాంటి పద్ధతే ఉండేది. 6-3తో అది పోయింది. లైసెన్సు అనే వ్యవస్థ మాత్రం పోలేదు. జస్టిస్ కవనా విడిగా రాసిన అభిప్రాయంలో వేలిముద్రలు, నేపథ్య తనిఖీ, మానసిక ఆరోగ్య రికార్డుల తనిఖీ, శిక్షణ చెల్లుతాయని చెప్పారు. న్యూయార్క్ ఆ దారి పట్టుకుని వెంటనే కొత్త చట్టం చేసింది: 16 గంటల తరగతి శిక్షణ, 2 గంటలు నిజమైన తూటాలతో అభ్యాసం, టైమ్స్ స్క్వేర్, సబ్‌వే, ప్రార్థనా స్థలాల వంటి చోట్ల నిషేధం. టెక్సస్ 2021 సెప్టెంబరు 1 నుంచి 21 నిండినవాళ్ళకు, వేరే నిషేధం లేకపోతే, లైసెన్సు లేకుండానే ధరించే వీలిచ్చింది. రాజ్యాంగం ఎంత దూరం వరకు నియంత్రించవచ్చో చెబుతుంది తప్ప ఎంత నియంత్రించాలో చెప్పదు. మీరు చూసిన తేడా అక్కడ పుట్టింది.

యంత్రం ఎక్కడ చెడుతుందంటే, పోలిక ఎంత దగ్గరగా ఉండాలన్న చోట. గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఉన్న మనిషి దగ్గర తుపాకీ ఉండరాదని ఫెడరల్ చట్టం, సెక్షన్ 922(జి)(8). 1791లో అలాంటి చట్టం లేదు కాబట్టి ఇది చెల్లదని ఐదో సర్క్యూట్ కోర్టు (సుప్రీంకోర్టు కింద ఉండే ప్రాంతీయ ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) 2023లో తేల్చింది. భార్యను కొట్టడాన్నే నేరంగా చూడని కాలంలో దాని మీద ఆయుధ నిషేధం ఎక్కడ దొరుకుతుంది? 2024 జూన్ 21న రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో దాన్ని తిప్పికొట్టింది. అచ్చుగుద్దినట్టు అలాంటి పాత చట్టమే అక్కర్లేదు, దాని వెనకున్న సూత్రం కలిస్తే చాలంది. అప్పట్లో హాని చేస్తాడనిపించిన మనిషి దగ్గర పూచీకత్తు రాయించుకునేవాళ్ళు. ఆయుధంతో జనాన్ని బెదిరిస్తూ తిరిగినవాడి ఆయుధం లాక్కునేవాళ్ళు. ఆ రెండూ కలిపితే ఈ చట్టానికి పునాది దొరికింది. అసమ్మతి రాసింది జస్టిస్ థామస్, బ్రూయెన్ రాసిన ఆయనే.

రహీమీ తర్వాత కూడా కోర్టులు ఒక దారికి రాలేదు. 18-20 ఏళ్ళవాళ్ళకు దుకాణాల్లో హ్యాండ్‌గన్ అమ్మరాదన్న ఫెడరల్ నిషేధాన్ని 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో నాలుగో సర్క్యూట్ చెల్లుతుందంది. హింస ఏమీ లేని పాత నేరం ఉన్నవాళ్ళ సంగతీ అంతే. 1995లో ఫుడ్ స్టాంపుల కోసం ఆదాయం తప్పుగా చూపిన మనిషికి జీవితాంతం తుపాకీ లేకుండా చేయడం చెల్లదని మూడో సర్క్యూట్ రెండుసార్లు చెప్పింది. వేరే సర్క్యూట్లు ఒప్పుకోవట్లేదు. ఏఆర్-15 తరహా రైఫిళ్ళ మీద మేరీలాండ్ నిషేధాన్ని వినడానికి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో నిరాకరించింది, కానీ ఆ ప్రశ్నను ఒకటి రెండు టర్ముల్లో (కోర్టు ఏటా నడిపే విచారణ కాలాల్లో) తీసుకోక తప్పదన్నట్టు కవనా రాశారు.

ఒక పొరపాటు తెలుగు వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. బంప్ స్టాకుల (రైఫిలును చాలా వేగంగా కాల్చేలా చేసే పరికరాల) తీర్పు (2024), ఘోస్ట్ గన్ల (కిట్టుతో ఇంట్లో కూర్చుకునే, సీరియల్ నంబరు లేని తుపాకీల) తీర్పు (2025) రెండో సవరణ తీర్పులు కావు. "మెషిన్‌గన్" అనే మాట కిందికి ఆ పరికరం వస్తుందా, విడిభాగాల కిట్టును "ఫైర్ఆర్మ్" అనొచ్చా అన్న చట్టంలోని పదాల అర్థం మీద వచ్చాయి. ఒకదాంట్లో నియంత్రణ ఓడింది, ఇంకోదాంట్లో గెలిచింది. కాంగ్రెస్ తలచుకుంటే మాట మార్చి బంప్ స్టాకుల్ని నిషేధించే చట్టం చేయొచ్చు.

—

ఫ్రిస్కో_వీధి:

మూడో ప్రశ్నకు జవాబు. దయచేసి నిదానంగా చదవండి, ఇక్కడ తప్పు జరిగితే వీసాతో పాటు స్వేచ్ఛ కూడా పోతుంది.

సెక్షన్ 922(జి)(5)(బి) ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోరాదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, చూడటానికి వచ్చిన అమ్మానాన్నల బి-2, అన్నీ ఇందులోవే. ఇది ఫెడరల్ చట్టం. టెక్సస్ లైసెన్సు అడగకపోవడం దీన్ని మార్చదు. చాలామంది జారిపడేది ఇక్కడే: "మా రాష్ట్రంలో లైసెన్సే అక్కర్లేదు కదా" అనుకుంటారు. 2022లో ఈ చట్టాన్ని మార్చాక శిక్ష 15 ఏళ్ళ జైలు వరకు. ఆయుధ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే వేరే కారణం అవుతుంది.

"దగ్గర ఉంచుకోవడం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో అద్దె తుపాకీ పది నిమిషాలు చేతిలో పట్టుకోవడం కూడా అదే. 2019 సుప్రీంకోర్టు రెహైఫ్ కేసు మొదలైంది ఫ్లోరిడాలో ఒక రేంజి దగ్గరే. విద్యార్థి వీసాపై వచ్చి, కాలేజీ నుంచి తొలగించాక కూడా ఉండిపోయిన మనిషి అక్కడ కాల్చాడు. అతని మీద పెట్టింది దీని పక్క సెక్షన్, అక్రమంగా ఉంటున్నవాళ్ళది. తన ఇమిగ్రేషన్ హోదా అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు 7-2తో చెప్పింది. హెచ్-1బీ మనిషికి తన వీసా ఏమిటో తెలియదనడం కుదరదు కాబట్టి ఈ తీర్పును నమ్ముకోకండి.

మినహాయింపు ఒకటుంది, నిజంగా పనికొచ్చేది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. ఒక్క ఫిషింగ్ లైసెన్సు సరిపోదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అక్కడ లైసెన్సు సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది, ఏ నెలలో కొన్నా సరే. జూన్‌లో తీసుకుని ఏడాది ఉంటుందనుకుంటే సెప్టెంబరు 1 నుంచి మినహాయింపు ఉండదు. ఇంట్లో తుపాకీ మాత్రం ఉంటుంది.

గ్రీన్‌కార్డు ఉంటే ఫెడరల్ చట్టం అడ్డుకోదు. దుకాణంలో ఫారం 4473 నింపి ఏలియన్ నంబరు ఇవ్వాలి. డీలరు ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే నేపథ్య తనిఖీ చేస్తాడు. జవాబు మూడు రకాలు: ఇవ్వు, ఆగు, ఇవ్వకు. "ఆగు" వచ్చి మూడు పనిదినాల్లో తుది జవాబు రాకపోతే చాలా రాష్ట్రాల్లో డీలరు ఇచ్చేయవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చి హంతకుడికి తుపాకీ దొరికింది ఆ సందులోనే. 21 ఏళ్ళలోపు కొనుగోలుదారుకు ఆ గడువు 10 పనిదినాల వరకు పెరిగింది, 2022 చట్టంతో. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నవాళ్ళ హోదా చిక్కుముడి. ఇమిగ్రేషన్ వకీలునూ ఆయుధ చట్టాలు చూసే వకీలునూ ఇద్దరినీ అడగనిదే అడుగు వేయొద్దు.

ఫారంలో గంజాయి ప్రశ్న ఉంటుంది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం కింద వాడకందారు నిషిద్ధుడే. ఆ సెక్షన్ మీద హేమానీ కేసును సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు తీసుకుంది. ఆ సెక్షన్ కోర్టుకెక్కింది కదా అని ఫారంలో అబద్ధం రాస్తే అది విడిగా ఇంకో నేరం.

ఇక రాజ్యాంగంలో "ప్రజలు" ఎవరు? ఇందులో కోర్టులు చీలాయి. చట్టవిరుద్ధంగా ఉంటున్నవాళ్ళు ఆ మాట కిందికి రారని ఐదో సర్క్యూట్ 2011లో అంది, 2024లో మళ్ళీ అదే చెప్పింది. దేశంతో గట్టి సంబంధం ఉంటే వస్తారని ఏడో సర్క్యూట్ 2015లో అంది, అయినా నిషేధం చెల్లుతుందని అదే తీర్పులో చెప్పింది. అంటే "ప్రజల్లో" లెక్కకు వచ్చినంత మాత్రాన తుపాకీ చేతికి రాదు.

—

వేపచెట్టు:

మైలురాయి గారూ, బ్రూయెన్ పద్ధతిని వివరించారు గానీ దాని మీద ఉన్న అసలు అభ్యంతరాన్ని తేలిగ్గా దాటేశారు. పాత చట్టం లేకపోవడం దేనికి సాక్ష్యం? ఊళ్ళో తుపాకీకి ఒకసారి మందు కూరడానికి చాలా సెకన్లు పట్టే కాలంలో శాసనసభ 30 తూటాల మ్యాగజీన్ గురించి మౌనంగా ఉందంటే, ఆ అధికారం తనకు లేదని ఒప్పుకున్నట్టా? దొరికే పాత చట్టాల్లో కొన్ని నల్లజాతి వాళ్ళ చేతుల్లోంచి, స్థానిక తెగల చేతుల్లోంచి ఆయుధాలు లాక్కున్నవి. ఈ రోజు ప్రభుత్వ వకీళ్ళు తమ నియమాన్ని కాపాడుకోవడానికి వాటినే ఆధారంగా చూపాల్సి వస్తోంది. ఇది న్యాయానికి మంచిది కాదు. 1791 సంప్రదాయం చూడాలా, 14వ సవరణ వచ్చిన 1868ది చూడాలా అన్నది కూడా బ్రూయెన్ తేల్చలేదు.

ఇంకో విషయం. 2021లో అమెరికాలో తుపాకీతో పోయిన 48,830 ప్రాణాల్లో 26,328 ఆత్మహత్యలు. ఇంట్లో తుపాకీ భద్రపరిచే నియమాలు, కొనుగోలుకు నిరీక్షణ గడువు, రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులు (ప్రమాదం ఉందనిపించిన మనిషి దగ్గర తుపాకీని కోర్టు తాత్కాలికంగా తీసేయించేవి) పనిచేసేది అక్కడే. ఫ్లోరిడా పార్క్‌లాండ్ బడి కాల్పుల తర్వాత 2018లో తెచ్చిన చట్టంలో పోలీసులు కోర్టుకు వెళ్తే తాత్కాలిక ఉత్తర్వు వస్తుంది, 14 రోజుల్లో విచారణ జరగాలి, స్పష్టమైన గట్టి సాక్ష్యం ఉంటేనే 12 నెలల వరకు పొడిగింపు. ఆ విచారణ, ఆ గడువు ఉన్నాయి కాబట్టే రహీమీ తర్వాత ఇలాంటి చట్టాలకు బలం వచ్చిందని నా అభిప్రాయం.

మన రాజ్యాంగంతో పోలిక ఒకటి చెప్పాలి. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకొనే హక్కు ఉంది. ఆంగ్లేయులు 1878 చట్టంతో జనాన్ని నిరాయుధుల్ని చేశారన్న కోపం దాని వెనక ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఎవరు పడితే వాళ్ళు బజారులో ఆయుధాలు కొనుక్కుంటే ప్రభుత్వం నడిచేదెలా అని అడిగారు. చివరకు 19(1)(బి)లో మనకు మిగిలింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

—

మైలురాయి:

వేపచెట్టు గారూ, అభ్యంతరం బలమైనదే, కాదనను. కానీ అవతలి వాదన కూడా వినాలి. వాక్ స్వాతంత్ర్యానికి "సరైన కారణం" చూపమని ఏ అధికారీ అడగడు. 1911 నాటి న్యూయార్క్ తుపాకీ లైసెన్సు చట్టాన్ని వలసదారుల మీద ఎలా వాడారో, అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది బ్లాక్ కోడ్‌లు విముక్తి పొందిన నల్లజాతి వాళ్ళ తుపాకులు ఎలా లాక్కున్నాయో చూస్తే, అధికారి ఇష్టానికి వదిలేసిన హక్కు ముందు బలహీనుల దగ్గరే పోతుంది. మెక్‌డొనాల్డ్ తీర్పు ఆ బ్లాక్ కోడ్‌ల చరిత్రను వివరంగా రాసింది. మీరు చెప్పిన జాతివివక్ష చట్టాలు రెండు పక్షాలకూ సాక్ష్యమే.

—

గోదావరి_గట్టు:

అందరికీ ధన్యవాదాలండీ. ఫ్రిస్కో_వీధి గారూ, రెండు చిన్న ప్రశ్నలు. భర్తకు పౌరసత్వం వచ్చింది, భార్య ఇంకా వీసా మీదే ఉంది, ఇంట్లో తుపాకీ ఉండొచ్చా? టెక్సస్‌లో గుడి కమిటీ తమ ఆవరణలోకి తుపాకీలు రాకుండా చేయగలదా?

—

ఫ్రిస్కో_వీధి:

ఉండొచ్చు, కానీ అది భార్య అదుపులోకి రాకూడదు. సేఫ్‌లో పెట్టాలి, కోడ్ గానీ తాళం గానీ ఆమెకు తెలియకూడదు, తూటాలకూ ఇదే వర్తిస్తుంది. పడకగది సొరుగులో పెడితే ఇద్దరిదీ అని ప్రాసిక్యూటరు అనగలడు. నిషేధం ఉందని తెలిసి ఆమె చేతికి ఇస్తే 922(డి) కింద భర్తది కూడా నేరమే. ఊరి నుంచి వచ్చిన మామగారి చేతికిచ్చి ఫొటో తీయడం కూడా ఇందులోకే వస్తుంది.

గుడి సంగతి. టెక్సస్ చట్టంలో తుపాకీ తేరాని చోట్ల మధ్య ప్రార్థనా స్థలాలకు ఉన్న ప్రత్యేక ప్రస్తావనను 2019లో తీసేశారు. కమిటీ బోర్డు పెట్టకపోతే తేవచ్చు. వద్దనుకుంటే మూడు బోర్డులు కావాలి (అంకెలు టెక్సస్ శిక్షాస్మృతి సెక్షన్లవి): లైసెన్సు ఉండి దాచి ధరించేవాళ్ళకు 30.06, లైసెన్సు ఉండి బయటకు కనిపించేలా ధరించేవాళ్ళకు 30.07, లైసెన్సు లేనివాళ్ళకు 30.05. చట్టంలో ఇచ్చిన వాక్యాలనే ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాయాలి. అక్షరాలు కనీసం ఒక అంగుళం ఎత్తు, వెనక రంగుకు భిన్నమైన రంగు, ప్రతి ప్రవేశ ద్వారం దగ్గరా కనిపించేలా ఉండాలి. తుపాకీ బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న స్టిక్కరు లైసెన్సు ఉన్నవాళ్ళ విషయంలో చెల్లదు. తెలుగులో రాసినదైతే పక్కన అదనంగా ఉండొచ్చు తప్ప వాటి బదులు కాదు. బోర్డు చూసీ తెచ్చినవాడికి సాధారణంగా 200 డాలర్ల వరకు జరిమానా. నోటితో చెప్పాక కూడా వెళ్ళకపోతే నేరం స్థాయి పెరుగుతుంది, కాబట్టి ద్వారం దగ్గరుండే వాలంటీర్లకు ఏం చెప్పాలో ముందే నేర్పించండి.

గుడి పక్కన బడి ఉంటే ఇంకొకటి చూసుకోవాలి. బడిలోనూ, దానికి 1000 అడుగుల లోపు రోడ్ల వంటి బహిరంగ స్థలాల్లోనూ తుపాకీ ఉండరాదని ఫెడరల్ చట్టం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. లైసెన్సు అక్కర్లేదని ధరించి తిరిగేవాళ్ళకు అది వర్తించదు. తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో పెడితే తప్ప, బడి ముందు రోడ్డు మీద కారు ఆపినా ఆ నేరం కిందికి వస్తారు.